గొర్రెల గండికి దిగుతున్నాం

"దూకండి!"

"అంత ఎత్తు నుంచా?"

"దూకండి లీవ గారూ! ఆలోచించే టైమ్ లేదు..."

వంటగది కిటికీలోంచి లీవ దూకుతుంది. కింద బురద. మోకాళ్ల మీద పడుతుంది. నోటిదాకా వచ్చిన కేకని అరచేత్తో నొక్కేసుకుంటుంది.

ఆమె వెనకే బ్రీనా.

అక్టోబరు ముప్ఫై ఒకటి. సాయంత్రం ఆరున్నర. కొండ మీద అప్పటికే చిమ్మచీకటి. పైగా పొగమంచు... చాచిన చెయ్యి కనపడటం లేదు.

సత్రానికి అవతలి పక్క కట్టెల షెడ్డు తలుపు కిర్రుమంటుంది.

కట్టెలు తెస్తానని వెళ్లాడు గాష్పర్.

కానీ పొయ్యి పక్కన కట్టెలు నడుమెత్తు ఉన్నాయి. పొద్దున వాటిని పేర్చింది అతనే!

టక్... టక్.

బ్రీనా గుర్తుపడుతుంది. రైఫిల్ బోల్టు వెనక్కి లాగి ముందుకు తోసిన చప్పుడది. ఈ లోయలో పుట్టినవాళ్లకి అది వేరే చెప్పక్కర్లేదు.

తన సత్రం. తన షెడ్డు. అందులో ఇన్నాళ్లూ తుపాకీ!

"కిందికి పోదాం," లీవ గుసగుసలాడుతుంది.

"కింది దారి షెడ్డు ముందు నుంచే పోతుంది."

"మరెలా?"

"పైకి. ఎక్కాల్సిందే."

*

పావుగంట క్రితం దాకా అంతా మామూలుగానే ఉంది.

ఇవాళ సీజన్‌కి ఆఖరి రోజు. పరుపులు చుట్టాలి. నీళ్ల పైపులు ఖాళీ చెయ్యాలి. కిటికీ చెక్కలు బిగించి సత్రానికి తాళం వెయ్యాలి. ఒంటరి ఆడదానివి, ఎలా చేసుకుంటావంటూ గాష్పర్ వచ్చాడు. ఏడు వారాలుగా అడక్కుండానే వస్తున్నాడు.

స్త్రజ లోయ రెస్క్యూ టీమ్‌కి లీడర్ అతను. బ్రీనా మొగుడు బ్లాజ్‌కి ప్రాణ స్నేహితుడు. వాళ్ల పెళ్లిలో సాక్షి సంతకం పెట్టింది గాష్పరే. బ్లాజ్ శవపేటికకి ముందు భుజం పట్టిందీ గాష్పరే.

వస్తూ వస్తూ డజను సమాధి దీపాలు తెచ్చాడు. ఎర్ర గాజు గ్లాసుల్లో మైనం దీపాలు. రేపు ఊరంతా పోయినవాళ్ల దగ్గరికి వెళ్లి దీపాలు పెట్టే రోజు.

"నా పేరు చెప్పి వాడికి రెండు ఎక్కువ పెట్టు," అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు కూడా!

బ్రీనా ఒక దీపం తీసి కోటు జేబులో వేసుకుంది. మొదటిది తన చేత్తోనే పెట్టాలని.

సత్రంలో దిగింది ఒక్కరే. లీవ. అరవై ఏడేళ్ల మనిషి. బెల్జియంలో హిస్టరీ టీచరుగా పనిచేసి రిటైరైంది. సెప్టెంబర్లో వారం రోజుల కోసం వచ్చి, ఈ దేశం మీద మనసు పారేసుకుని పోయింది. పొద్దున సముద్రంలో ఈత, మధ్యాహ్నం గుహలో పడవ, సాయంత్రానికి మంచుకొండ... ఇంత చిన్న దేశంలో ఇవన్నీ ఎలా పట్టించారమ్మా అని ఒకటే వింత. శిఖరాల మీద ముద్రలు వేసుకునే చిన్న పుస్తకం ఒకటి కొనుక్కుంది. పదకొండు ముద్రలయ్యాయి. మిగతావి పూర్తి చెయ్యకుండా నిద్రపట్టడం లేదని మళ్లీ వచ్చింది.

బార్లీ సూప్ తాగుతూ ఫోన్‌లో ఫొటోలు చూపించింది.

"ఇదిగో, సివ్నిక్ శిఖరం మీది పుస్తకం! మీవాళ్లు ఎంత పద్ధతిగా రాస్తారో... పేరు, టైము, ఎటు దిగుతున్నారో కూడా! ముచ్చటేసి పేజీ ఫొటో తీసుకున్నా. ఇది నా సంతకం. నా పైన వీళ్లిద్దరు. నేను ఎక్కేసరికే దిగిపోయారు."

బ్రీనా వంగి చూసింది.

బ్లాజ్ కోమార్. 9.40.

గాష్పర్ ఓదర్. 9.40. ఉత్తరపు అంచు మీదుగా దిగుతున్నాం.

తేదీ... సెప్టెంబర్ పద్నాలుగు!

ఉత్తరపు అంచు మీంచి జారిపడి బ్లాజ్ చనిపోయిన రోజు. ఒక్కడే వెళ్లాడని ఊరంతా నమ్మిన రోజు!

ఆ రోజు గాష్పర్ కొండ మీద లేడు. సముద్రం దగ్గర అక్క ఇంట్లో ద్రాక్ష కోతకి వెళ్లాడు. పోలీసులకి అదే చెప్పాడు. బ్రీనాకీ అదే చెప్పాడు. శిఖరం పుస్తకం ఏమైందని అడిగితే, "వానకి తడిసి ముద్దయింది, కొత్తది పెట్టాను," అన్నాడు.

బ్లాజ్ పార్కు రేంజరు. పోయే ముందు నెలరోజులూ ఒకటే మాట. ఎవడో కొండమేకల్ని కాల్చి కొమ్ములు కోసుకుపోతున్నాడు బ్రీనా... పరాయివాడు కాదు, దారులన్నీ తెలిసినవాడు.

గాష్పర్ చంపాలని ఎక్కి ఉండడు. అలా ఎక్కితే సంతకం ఎందుకు పెడతాడు? మాట్లాడుకుందామని ఎక్కి ఉంటారు. పైన పుస్తకం, పెన్ను. ఆరేళ్ల వయసు నుంచీ అలవాటు పడిన చెయ్యి... దానంతటదే రాసేసింది.

బ్రీనా తలెత్తింది. ఆమె భుజం మీదుగా గాష్పర్ కూడా ఆ ఫొటోనే చూస్తున్నాడు.

నవ్వాడు.

"కట్టెలు తెస్తా," అన్నాడు.

*

రాళ్లు. జారే గడ్డి. మళ్లీ రాళ్లు.

బ్రీనా లీవ చెయ్యి వదలడం లేదు. ఈ దారి కళ్లు మూసుకుని ఎక్కగలనని చిన్నప్పటి నుంచీ గొప్పలు చెప్పుకుంది. ఇవాళ ఎక్కక తప్పడం లేదు.

వెనక, కింద... సత్రం తలుపు దభాలున తెరుచుకుంటుంది.

"బ్రీనా! సూప్ చల్లారిపోతోంది!"

మామూలు గొంతు. రోజూ పిలిచే గొంతు! అది విని బ్రీనా ఇంకా వడిగా ఎక్కుతుంది.

వంటగది తలుపు కొట్టుకున్న చప్పుడు. కిటికీ చూసుంటాడు.

"ఓహో... ఈ చలిలో షికారా? ఆ పెద్దావిడకి అలవాటు లేదే పిల్లా! జారిపడితే పొద్దున మోసేది మళ్లీ నేనే కదా!"

బూట్ల చప్పుడు. పైకే వస్తున్నాడు. తొందరేమీ పడటం లేదు.

"ఏమంటున్నాడు?" లీవకి ఆ భాష రాదు.

"ఏం లేదు. ఎక్కండి."

"అబద్ధం చెప్పకు అమ్మాయ్."

"మిమ్మల్ని మోస్తానంటున్నాడు. ఎక్కండి!"

ఇరవై నిమిషాలు. కనుమ దగ్గరికి చేరతారు. లీవ రాయికి ఆనుకుని రొప్పుతోంది. బ్రీనా ఫోన్ తీస్తుంది.

సిగ్నల్... ఒక్క గీత!

112 కొట్టబోయి వేలు ఆపేస్తుంది. ఈ కొండ మీంచి ఎవరు ఆపదలో కాల్ చేసినా, ముందు మోగేది రెస్క్యూ లీడర్ రేడియోనే. ఆ రేడియో ఇప్పుడు గాష్పర్ నడుముకి వేలాడుతోంది.

నాన్న?

లోయ్జ్‌కి డెబ్బై ఏళ్లు. గాష్పర్‌కి తాడు కట్టడం నేర్పిన గురువు. ఇప్పుడు మోకాలి ఆపరేషన్ అయి మూడు నెలలు. మేడ మెట్లెక్కడానికే కర్ర కావాలి. అయినా ఫోన్ చెయ్యగలడుగా. పోలీసుల్ని లేపగలడుగా. అది చాలు.

వేళ్లు కొంకర్లు పోతున్నా టైప్ చేస్తుంది.

"బ్లాజ్‌ని చంపింది గాష్పర్. రుజువు దొరికింది. మా వెనక పడ్డాడు. రైఫిల్ ఉంది. సత్రం పైకి ఎక్కాం. పోలీసులకి చెప్పు."

వెళ్లింది!

లీవ ఫోన్‌లోని ఆ ఫొటో కూడా పంపుదామని చూసేసరికి ఆ ఒక్క గీతా మాయం.

పక్కన ఏదో తళుక్కుమంటుంది. ఆరిపోతుంది. మళ్లీ వెలుగుతుంది...

లీవ చేతిలో టార్చ్!

"ఏం చేస్తున్నారు?"

"ఆపద సైగ! నిమిషానికి ఆరుసార్లు. నా ముద్రల పుస్తకం వెనక రాసుంది. చూసినవాళ్లు మూడుసార్లు వెలిగించి బదులివ్వాలి. ఎవరైనా చూస్తే..."

"చూసేది వాడే!" బ్రీనా టార్చ్ లాగేస్తుంది. "ఊళ్లో పిల్లలందరికీ ఆ సైగ నేర్పింది వాడేనండీ!"

తడి చేతుల్లోంచి టార్చ్ జారుతుంది. రాతికి తగిలి, ఇంకో రాతికి తగిలి, లోతుకి పోతుంది.

ధన్!

వాళ్ల తలల మధ్య రాయి పగులుతుంది. పెంకులు. లీవ చెంప మీద రక్తం.

"పడుకోండి!"

కొండలు తిరిగి అరుస్తాయి. తర్వాత మంచులోంచి అదే మామూలు గొంతు. ఈసారి దగ్గర్లో.

"ఫోన్ ఆ రాయి మీద పెట్టి పొండి బ్రీనా. అంతే! నీతో నాకేం గొడవ? వాడిని నేను తొయ్యలేదు. రిపోర్ట్ రాస్తానన్నాడు. పాతికేళ్ల స్నేహం, ఒక మేక కోసం! కాలర్ పట్టుకున్నాడు. విడిపించుకున్నా... కొంచెం తోశా. కొంచెమే!"

బ్రీనా చేతికి రాయి దొరుకుతుంది. తలకాయంత రాయి. దాన్ని పట్టుకుని లేవబోతుంది. ఏడు వారాలు! ఏడు వారాలు వీడికి టీ పెట్టి ఇచ్చింది. వీడి భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఇప్పుడు వీడి మొహం పగలగొట్టాలి. తర్వాత ఏమైనా కానీ.

లీవ ఆమె మణికట్టు పట్టుకుంటుంది. రెండో చేత్తో తన ఫోన్ చూపిస్తుంది.

అవును. బ్లాజ్‌కి న్యాయం ఆ ఫోన్‌లో ఉంది. అది కిందికి చేరాలి. ఈవిడ కిందికి చేరాలి. మిగతావన్నీ తర్వాత.

రాయి వదిలేస్తుంది. ఇద్దరూ పొగమంచు చాటున పైకి పాకుతారు.

*

ఎర్ర రేకుల గది.

దారి తప్పినవాళ్లు తలదాచుకోవడానికి ఎప్పుడో కట్టారు. నాలుగు చెక్క బల్లలు, కంబళ్లు, గోడకి చిన్న ఇనుప డబ్బా. దీని దగ్గర దారి రెండుగా చీలుతుంది.

ఎడమకి గొర్రెల గండి. నిటారుగా దిగితే రెండు గంటల్లో స్త్రజ ఊరు. లోయవాళ్లెవరైనా అటే దిగుతారు.

కుడికి పాత సైనికుల బాట. మొదటి ప్రపంచ యుద్ధంలో తుపాకులు మోసే గాడిదల కోసం తొలిచింది. చుట్టుదారి. నడుమ సొరంగం. అవతలి లోయలోకి, సోచా నది పక్కకి దింపుతుంది.

"ఎటు?" లీవ కంబళి అంచుతో చెంప తుడుచుకుంటోంది.

బ్రీనా ఇనుప డబ్బా వైపు చూస్తోంది.

పుస్తకం.

ఇక్కడ ఎవరూ అబద్ధం రాయరు. తాగుబోతులు రాయరు, దొంగలు రాయరు. మొగుడి కళ్లు గప్పి వచ్చినవాళ్లు కూడా రాయరు. బ్రీనా ఒక్కసారి రాసింది. తొమ్మిదేళ్లప్పుడు. శిఖరానికి వెళ్తున్నానని రాసి, స్నేహితురాలితో చెరువులో ఈతకి పోయింది. ఆ రాత్రి పన్నెండు మంది తెల్లారేదాకా శిఖరం చుట్టూ వెతికారు. నాన్న కొట్టలేదు. తిట్టలేదు. పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క మాట అన్నాడు.

"అది చదివినవాడు నీ కోసం వస్తాడు తల్లీ. గుర్తుంచుకో."

ఆ మాట ఇప్పుడు గుర్తొస్తుంది.

ఇవాళ అది చదివి వచ్చేవాడు ఒక్కడే కదా!

డబ్బా తెరుస్తుంది. ఫోన్ వెలుతురు అరచేత్తో కప్పి, పెన్ను తీసుకుంటుంది. చెయ్యి మొరాయిస్తుంది. నిజంగానే మొరాయిస్తుంది! పేరు రాయడానికి ఇబ్బంది లేదు. టైము రాయడానికీ లేదు. ఆ తర్వాతి మాట దగ్గరే వేళ్లు కదలవు.

పళ్లు బిగించి రాస్తుంది.

బ్రీనా కోమార్, ఒక అతిథి. 7.35. గొర్రెల గండికి దిగుతున్నాం.

"గొర్రెల గండా?" లీవ అడుగుతుంది.

"కాదు. సొరంగం."

లీవకి అర్థమైంది. తల ఊపుతుంది. ఆ తర్వాత ఆమె చెయ్యి డబ్బాలోకి వెళ్తుంది. ముద్ర తీసి, తన చిన్న పుస్తకంలో టప్‌మని కొట్టుకుంటుంది.

బ్రీనా నోరు తెరుచుకుని చూస్తుంది.

"పన్నెండు," అంటుంది లీవ సిగ్గుపడుతూ. "ఊరికే పోనివ్వడమెందుకని..."

ఈ స్థితిలో నవ్వొస్తుందని బ్రీనా అనుకోలేదు. వచ్చింది. ఒక్క క్షణం.

బయట రాళ్లు దొర్లుతున్నాయి.

*

సైనికుల బాటలో ముప్ఫై అడుగులు. పెద్ద బండ. దాని వెనక ఇద్దరూ నేలకి కరుచుకుపోతారు.

గాష్పర్ హెడ్‌లైట్ మంచులో పసుపు మరకలా ఊగుతూ వస్తోంది. రేకుల గది తలుపు తంతాడు. లోపలికి రైఫిల్ ముందు పెట్టి వెళ్తాడు.

కంబళ్లు విసిరేసిన చప్పుడు.

ఇనుప డబ్బా మూత.

కాగితం తిరుగుతోంది.

బ్రీనా చెవులు రిక్కిస్తుంది. నమ్ముతాడా? ఏళ్ల తరబడి జనాన్ని వెతికి తెచ్చినవాడు. మొగుడిని చంపినవాడి కోసం ఆడది నిజం రాసిపెట్టి పోతుందా అని ఒక్క క్షణం ఆలోచిస్తే చాలు... అయిపోతుంది!

"గొర్రెల గండికి దిగుతున్నాం," గాష్పర్ పైకే చదువుతాడు.

నవ్వుతాడు. ప్రేమగా నవ్వుతాడు!

"మంచి పిల్లవే బ్రీనా. లోయ్జ్ పెంపకం ఎక్కడికి పోతుంది!"

ఆలోచించలేదు. ఆలోచించే అలవాటే లేదు వాడికి. ఈ లోయలో ఎవరికీ లేదు.

హెడ్‌లైట్ ఎడమకి తిరుగుతుంది. గొర్రెల గండిలోకి దిగుతుంది. రాళ్ల చప్పుడు కిందికి, ఇంకా కిందికి... ఆగిపోతుంది.

లీవ బ్రీనా భుజం నొక్కుతుంది.

బతికారు!

*

సొరంగంలో టార్చ్ లేదు. ఫోన్లలో చార్జి కొంచెమే, బయటికెళ్లాక కావాలి. బ్రీనా జేబు తడుముకుంటుంది. ఎర్ర గాజు దీపం చేతికి తగులుతుంది. గాష్పర్ తెచ్చిన దీపం.

వెలిగిస్తుంది.

గోడలన్నీ ఎర్రగా అవుతాయి. పైనుంచి నీళ్లు కారుతున్నాయి. తుప్పు పట్టిన ముళ్ల తీగ. విరిగిన బల్ల. గోడ నిండా మేకులతో గీకిన పేర్లు. హంగరీవాళ్లవి, చెక్‌వాళ్లవి, బోస్నియావాళ్లవి. పేరు, ఊరు, తేదీ.

లీవ ఆగిపోతుంది. ఒక పేరు మీద వేలు పెడుతుంది.

"వీళ్లూ రాసిపెట్టారు," అంటుంది మెల్లగా. "ఎవరో ఒకరు వెతుక్కుంటూ వస్తారని."

"నడవండి లీవ గారూ."

"అతను నీ భర్త స్నేహితుడు కదా?"

"నడవండి."

నడుస్తారు. బ్రీనా ఏడుస్తోంది. చప్పుడు రానివ్వకుండా, ఆపకుండా ఏడుస్తోంది. సమాధి మీద ఏడవాల్సిన ఏడుపు ఇప్పుడొస్తోంది. అప్పుడు ఏడ్చింది జారిపడిన మొగుడి కోసం. జారలేదు. చివరి క్షణంలో బ్లాజ్ ఎవరి మొహం చూశాడో ఇప్పుడు తెలుసు.

లీవ కాలు మడత పడుతుంది. బ్రీనా లేపుతుంది. మళ్లీ నడక. గంట. రెండు గంటలు. దీపం గ్లాసు చెయ్యి కాలుస్తోంది. వదలదు.

ముందు గాలి తగులుతుంది. నీళ్ల హోరు వినిపిస్తుంది.

బయట!

ఇటువైపు మంచు లేదు. చుక్కలు. కింద సోచా లోయలో ఊరి దీపాలు చిన్నగా కనిపిస్తున్నాయి. అరగంట నడిస్తే తారురోడ్డు.

లీవ ఫోన్ చేతిలో టింగుమంటుంది.

"సిగ్నల్! అమ్మాయ్, సిగ్నల్!"

బ్రీనా పోలీసుల నంబర్ చెప్తుంది. లీవ ఫొటో ఎక్కిస్తుంది. గుండ్రం తిరుగుతోంది... తిరుగుతోంది... ఆగింది.

చేరింది!

గాష్పర్ ఓదర్. 9.40. ఇక దాన్ని ఎవరూ వానలో తడపలేరు.

లీవ అక్కడే రాయి మీద కూలబడుతుంది. నవ్వుతోంది, ఏడుస్తోంది. బ్రీనా మోకాళ్ల మీద కూర్చుంటుంది. బ్లాజ్, అయిపోయింది రా. అయిపోయింది.

ఎర్ర దీపం కొండెక్కుతుంది. మైనం అయిపోయింది.

అప్పుడు బ్రీనా ఫోన్ మోగుతుంది. టింగ్. టింగ్. టింగ్. మూడు మెసేజ్‌లు. మూడూ నాన్నవే.

7.02. "పోలీసులు బయల్దేరారు. మంచుకి హెలికాప్టర్ రాదట. మూడు గంటలు పడుతుందట."

7.10. "అంతసేపు నేను ఇంట్లో కూర్చోలేను. సత్రం దారిన వస్తున్నా."

బ్రీనా లేచి నిలబడుతుంది.

9.31. "రేకుల గదికి చేరాను. పుస్తకం చూశాను. గండిలోకి దిగుతున్నా. నీ వెనకే ఉన్నా తల్లీ, భయపడకు."

చదివింది. మళ్లీ చదివింది.

అది చదివినవాడు నీ కోసం వస్తాడు.

"లేదు... లేదు లేదు లేదు!"

"ఏమైంది?" లీవ అడుగుతోంది. "బ్రీనా! ఏమైంది?"

టైము 9.52. నంబర్ నొక్కుతుంది. రింగ్. రింగ్. ఎత్తు నాన్నా. రింగ్... ఎత్తవద్దు, చప్పుడవుతుంది, ఫోన్ ఆపెయ్... రింగ్... ఎత్తు!

ఎత్తాడు. ఊపిరి బరువుగా ఉంది. కర్ర రాతికి తగులుతోంది.

"నాన్నా! ఎక్కడున్నావ్?"

"మెల్లగా మాట్లాడు. వాడు ఈ చుట్టుపక్కలే ఉంటాడు. గండిలోకి కొంత దూరం దిగాను. ఈ మోకాలొకటి..."

"వెనక్కి ఎక్కు! నాన్నా, నేను అక్కడ లేను! పుస్తకంలో నేను..."

గాలి. గరగర. మాట తెగిపోతోంది.

"వినపడటం లేదు తల్లీ. ఏం పర్లేదు. కనిపిస్తున్నావుగా."

బ్రీనా ఫోన్ చెవికి అదుముకుంటుంది.

"ఏం కనిపిస్తోంది?"

"నీ లైటు. కిందనే ఉన్నావ్. నిమిషానికి ఆరుసార్లు, లెక్కపెట్టా. నేనూ మూడుసార్లు వెలిగించా, చూశావుగా? అక్కడే ఉండు, కదలకు. వచ్చేశా."

"నాన్నా! అది నేను కాదు! నా దగ్గర లైటే లేదు!"

"ఏంటి?"

"నా దగ్గర లైటు లేదు నాన్నా! ఆర్పెయ్! నీ లైటు ఆర్పె..."

ధన్!

ముందు ఫోన్‌లో వినిపించింది.

తర్వాత కొండ అవతల నుంచి, కొంచెం ఆలస్యంగా, ఇంకోసారి.